మందు తగలని కన్ను

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భర్తకి చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు, నా పీహెచ్‌డీ గైడుకి అసలే చెప్పలేదు. చెప్పకుండానే ఇన్నేళ్లు గడిపేశాను కదా, ఇకముందు కూడా అలాగే గడిచిపోతుందిలే అనుకున్నాను. గడవడం లేదు. పోయిన ఆదివారం నుంచి ముద్ద లోపలికి దిగడం లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. నాకున్న ధైర్యం అదొక్కటే.

ముందే సూటిగా చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ తప్పించుకుంటాను. నా పరిశోధనకి ఒక పసిపిల్ల కంట్లోని కణితి కావాల్సి వచ్చింది. ఆ కన్నుని మందులతో నిలబెట్టే ప్రయత్నం చెయ్యొచ్చని డాక్టరు చెప్పాడు. ఏం చెయ్యమంటావని పిల్ల తండ్రి నన్ను అడిగాడు. తీయించెయ్యమన్నాను.

రాసేస్తే ఇంత చిన్నగా ఉంది. దీన్ని మొయ్యడానికేనా ఇంత ఆయాసపడ్డాను?

అప్పట్లో నేను విశాఖలో ఒక కంటి ఆసుపత్రికి ఆనుకుని ఉన్న ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆసుపత్రి పేరు చెప్పను. వాళ్ల తప్పేమీ లేదు. నా విషయం, చిన్నపిల్లల కంట్లో వెనక పొర మీద వచ్చే కేన్సరు. ఎక్కువగా మాటలు కూడా సరిగా రాని వయసులో వస్తుంది. సెల్‌ఫోన్లో ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే ఒక కన్ను ఎర్రగా, ఇంకో కన్ను తెల్లగా పడుతుంది. తల్లి ఆ ఫోటో చూసి ముందు ఫోన్నే తిడుతుంది. తర్వాత ఇంకో ఫోటో తీస్తుంది. అప్పుడు భయపడుతుంది.

నేను ఆ కణితుల్లో వెతికేది ఒక ఆర్‌ఎన్‌ఏ కోసం. దాని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మన కణంలో జన్యువులుంటాయి, వాటి నకలు ఆర్‌ఎన్‌ఏ. ఆ నకలు చూసి కణం ప్రోటీన్ తయారు చేసుకుంటుందని బడిలో చదువుకున్నాం. కానీ బోలెడన్ని ఆర్‌ఎన్‌ఏలు ఏ ప్రోటీనుకీ నకలు కావు. చాలాకాలం వాటిని చెత్త కింద జమకట్టారు. తర్వాత తెలిసింది, అవి ఊరికే కూర్చోవని. తమంతట తాము ఏదీ తయారు చెయ్యవుగానీ, పక్కనున్న జన్యువు నోరు నొక్కుతాయి, ఇంకోదాని నోరు తెరిపిస్తాయి. అలాంటిదొకటి ఈ కంటి కేన్సరులో పెరిగినప్పుడు కణితి మొండికేసి, కంటి నరం పట్టుకుని మెదడు వైపు పాకుతుందని మా అనుమానం. అది తక్కువగా ఉన్న కణితి ఉన్నచోటే ఉంటుందని, మందుకి లొంగుతుందని. అది రుజువైతే రేపు ఏ పిల్ల కన్ను తియ్యాలో, ఏ పిల్ల కన్ను నిలపొచ్చో ముందే చెప్పొచ్చు. కళ్లు నిలపడానికే నా పరిశోధన అంతా.

చిక్కేమిటంటే, ఆ ఆర్‌ఎన్‌ఏని చూడాలంటే మందు తగలని కణితి కావాలి. కీమో ఎక్కించాక కణితి సగం చచ్చి ఉంటుంది, అందులో ఏం కొలిచినా మందు చేసిన పనే కనిపిస్తుంది. మంచి డాక్టర్లు ముందు మందులే ఇస్తారు, ఏ దారీ లేకపోతేనే కన్ను తీస్తారు. అంటే డాక్టరు ఎంత మంచివాడైతే నాకు అంత నష్టం. అప్పట్లో ఈ మాట మేం క్యాంటీన్లో కూర్చుని నవ్వుతూ అనుకునేవాళ్లం.

మొదట్లో దొరికిన కొన్ని తప్ప, నాకు వస్తున్నవన్నీ మందు తగిలినవే. గైడు ఇంకొక్కటైనా మంచి శాంపిల్ ఉంటేనే రాయడం మొదలుపెట్టమంది. ఫెలోషిప్పు గడువు ముగింపుకొచ్చింది. ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు.

ఆసుపత్రిలో ఒక నియమం ఉండేది. తియ్యాలని తల్లిదండ్రులు నిర్ణయించుకున్నాకే పరిశోధన చేసేవాళ్లు వాళ్లతో మాట్లాడాలి, కణితి ముక్క అడగాలి. అంతకుముందు వాళ్ల దరిదాపులకి పోకూడదు. ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు తెలుసు. నాలాంటివాళ్లు ఉంటారని పెట్టారు.

ఆ పిల్లని ఇక్కడ లక్ష్మి అంటాను. అసలు పేరు కాదు. వాళ్ల నాన్నని అప్పన్న అంటాను, మా వైపు రోడ్డు మీద నిలబడి అప్పన్నా అని పిలిస్తే సగం బజారు వెనక్కి తిరుగుతుంది, కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. భీమిలి వైపు తీరంలో ఒక పల్లె. బోటు మీద వేటకి వెళ్తే రోజుల తరబడి సముద్రంలోనే ఉండే మనిషి. పిల్లకి ఎడమ కన్ను. రెండోది శుభ్రంగా ఉంది.

డాక్టరు వేరే రాష్ట్రం నుంచి వచ్చినాయన. తెలుగు నేర్చుకున్నాడు, కానీ పుస్తకంలోంచి నేర్చుకున్న తెలుగు. ఆయన 'చికిత్స', 'సంభావ్యత' అంటుంటే అప్పన్న, అతని భార్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సు బయటికి వచ్చి, వరండాలో నిలబడి ఉన్న నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. "మీది ఈ యాసే కదా, కొంచెం చెప్పండి మేడం" అంది. మాది ఎలమంచిలి దగ్గర ఊరు, వ్యవసాయం కుటుంబం. యూనివర్సిటీకి వచ్చాక యాస దాచుకోవడం నేర్చుకున్నాను. ఆ రోజు మళ్లీ బయటికి తీశాను.

వరండాలో ఎందుకు నిలబడి ఉన్నానో కూడా చెప్పాలి కదా. మందు పడని పిల్ల వచ్చిందని తెలిసి నిలబడ్డాను.

లోపల మాత్రం నేను నిజాయితీగానే చెప్పాను. ఆయన అన్నది అన్నట్టు చెప్పాను. ఒక దారి, కీమో ఎక్కించి చూడటం. నెలనెలా తీసుకురావాలి, మత్తు ఇచ్చి కన్ను చూస్తారు, కన్ను నిలవొచ్చు, కొద్దోగొప్పో చూపు కూడా ఉండొచ్చు, నిలవకపోనూ వచ్చు. మధ్యలో మానేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు. రెండో దారి, కన్ను తీసెయ్యడం. కణితి కంట్లోనే ఉన్నట్టుంది కాబట్టి దాంతో ప్రాణభయం చాలావరకు పోతుంది. రెండిట్లో ఏదీ తప్పు కాదు, ఆలోచించుకుని రేపు చెప్పండి అన్నాడు డాక్టరు. అది కూడా చెప్పాను. ఇప్పటికీ ఆ గదిలో నేను మాట్లాడిన మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోనక్కర్లేదు. నన్ను నేను వెనకేసుకొచ్చినప్పుడల్లా ఆ గదిలోనే ఆగిపోతుంటాను. మెట్ల దాకా రాను.

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్లి క్యానులో ద్రవ నైట్రోజన్ నింపించుకొచ్చాను. తీసిన కంట్లోంచి ముక్క బయటికి రాగానే అందులో వెయ్యాలి, ఆలస్యమైతే ఆర్‌ఎన్‌ఏ విరిగిపోయి దేనికీ పనికిరాదు. ఆ నైట్రోజన్ కూడా నిలవదు. మూత బిగించకూడదు, ఆవిరైపోతూనే ఉంటుంది. మా నాన్న పొలం చూసుకుంటూనే పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాడు, ఆవులకి చూడి కట్టించే ఇంజక్షన్లు అలాంటి క్యానులోనే ఉండేవి. పుల్ల ముంచి తీసి, మంచు ఎంతవరకు పట్టిందో చూసి ఎంత మిగిలిందో చెప్పేవాడు. నేనూ అలాగే చూస్తాను. ఆ రోజు పొద్దుట్నుంచీ పుల్ల ముంచి చూస్తూనే ఉన్నాను. వాళ్లింకా ఏమీ చెప్పలేదు. నేను క్యాను నింపేసుకుని కూర్చున్నాను. వాళ్లు మందులు అన్నారంటే నా నైట్రోజన్ గాల్లో కలిసిపోతుంది.

ఒక మనిషి చేతిలో నింపిన క్యాను పెట్టుకుని ఒక పిల్ల కన్ను కోసం ఎదురుచూడొచ్చా? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు నాకు. నిజంగా రాలేదు. పుల్ల మీద మంచు తగ్గుతోందన్న కంగారు తప్ప ఇంకేం లేదు.

ఆసుపత్రి వెనక మెట్ల మీద అప్పన్న కూర్చుని ఉన్నాడు. భార్య లోపల పిల్లకి పాలు పడుతోంది. నన్ను చూసి లేచాడు.

"సెల్లీ, ఓ మాట. నిన్న నువ్వు సెప్పినావు గాబట్టి బోదపడింది. డాట్రుగోరు నీకేది మంచిదో నువ్వే సెప్పమంటన్నారు. నాకేటి తెలుస్తాది? నువ్వు సదువుకున్నదానివి, మనూరి పిల్లలాగ మాటాడతన్నావు. ఇది నీ గుంటే అయితే, నీ కన్నకూతురే అయితే, నువ్వేటి సేద్దువు?"

నియమం గుర్తుంది నాకు. 'నేను చెప్పకూడదు అన్నయ్యా, డాక్టరుగారినే మళ్లీ అడుగు' అని అనాలి. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది కూడా.

"తీయించేద్దును అన్నయ్యా" అన్నాను.

అతను పిల్ల ఉన్న గది వైపు చూశాడు. "కన్ను నిలబడే దారి ఉందన్నారు గదా?"

"ఉందిగానీ, నెలనెలా తేవాలి. నువ్వు వేటకి ఎలిపోతే ఎవలు తెత్తారు? మద్దెలో ఒక్కసారి మానేసినా పిల్ల దక్కదు."

"వేట మానేత్తాను" అన్నాడు అప్పన్న. ఆలోచించుకుని కూడా అనలేదు. "ఒడ్డునే ఏదో పని సూసుకుంటాను. నెలనెలా నానే ఎత్తుకొత్తాను."

అప్పుడు నేనన్న మాట ఇది. ఇన్నేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా పైకి అనలేకపోయిన మాట.

"అందరూ మొదట్లో అలాగే అంటారు అన్నయ్యా."

అతను తల దించుకున్నాడు. కోపం రాలేదు అతనికి. సిగ్గుపడ్డాడు. నేనేదో అతని గురించి అతనికే తెలియని నిజం చెప్పినట్టు, తన మీద తనకే అనుమానం పుట్టినట్టు కూర్చున్నాడు. కాసేపటికి "అలగయితే తీయించేద్దారి" అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆపరేషన్ అయింది. ముక్క కోసం సంతకం నేనే పెట్టించుకున్నాను, ఈసారి నియమం ప్రకారమే, నిర్ణయం అయిపోయాక. ఆ కన్నుని కోసి పరీక్ష చేసే డాక్టరు పక్కన క్యానుతో నిలబడ్డాను. ముక్క పడగానే నైట్రోజన్ సలసలమంది, తర్వాత సద్దుమణిగింది. ల్యాబులో వాళ్లందరికీ ఆ సాయంత్రం టీ నేనే తెప్పించాను. ఇది కూడా చెప్పాలనిపించింది.

శాంపిల్ అద్భుతంగా వచ్చింది. గైడు మెచ్చుకుంది.

తర్వాత రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి తీసిన కంటిని కోసి చూసిన పరీక్ష రిపోర్టు. నరం శుభ్రంగా ఉంది, కణితి కంటి బయటికి ఎక్కడా పాకలేదు. రెండోది నేను స్వయంగా కొలిచిన కొలత. నేను వెతుకుతున్న ఆ ఆర్‌ఎన్‌ఏ, నా దగ్గరున్న కణితులన్నిట్లోకీ అప్పన్న కూతురి కణితిలోనే తక్కువగా ఉంది. కొలత తప్పేమోనని మళ్లీ చేశాను. అంతే వచ్చింది. నా సిద్ధాంతం నిజమైతే, అది ఉన్నచోట ఉండే రకం. మందుకి లొంగే రకం.

ఒక్క శాంపిల్‌తో ఏదీ తేలదు. ఇది నేను ఇప్పుడు మా కాలేజీలో పిల్లలకి చెప్పే పాఠం, అబద్ధం కాదు. ఆ మందులు పనిచేసేవో లేదో ఎవరూ చెప్పలేరు. కన్ను తియ్యడమే మంచిదయిందేమో కూడా. కీమోలో జ్వరమొచ్చి పోయిన పిల్లల్ని చూశాను నేను. ఇదంతా నాకు తెలుసు, ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ కొంచెం తేలికపడ్డాను, ఆ తేలిక మధ్యాహ్నం దాకా కూడా నిలిచేది కాదు. ఎందుకంటే నేను 'తీయించేద్దును' అన్నప్పుడు ఈ లెక్కలేవీ నా మనసులో లేవు. ఆ పిల్ల ప్రాణం గురించి ఆలోచించి చెప్పి ఉంటే, తప్పయినా నిద్రపట్టేది. నేను క్యాను గురించి ఆలోచించాను.

థీసిస్ గ్రాఫులో ఆ పిల్ల ఒక చుక్క. అన్నిటికంటే కింద, ఎడమవైపు. వైవాలో ఒకాయన దాని మీద వేలు పెట్టి ఇది చాలా చక్కటి శాంపిల్ అన్నాడు. థాంక్యూ సార్ అన్నాను.

అప్పన్న ప్రతి చెకప్‌కీ వచ్చేవాడు. కన్ను తీసేశాక కూడా రెండో కన్నుని ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి, పిల్ల మొహం పెరిగేకొద్దీ పెట్టుడు కన్ను మారుస్తూ ఉండాలి. తను చెప్పినట్టే, పిల్లని భుజానేసుకుని తనే వచ్చేవాడు. వానొచ్చినా, బస్సులు లేకపోయినా వచ్చేవాడు. ఓపీ గది ముందు అతన్ని చూడగానే నేను వెనక్కి తిరిగి ల్యాబులోకి వెళ్లిపోయేదాన్ని. ఒకసారి మందుల గదిలో, అతను వెళ్లిపోయేదాకా తలుపు వెనకాల నిలబడ్డాను. చదువు అయిపోయి అక్కణ్ణుంచి బయటపడ్డ రోజు, ఇక అతను కనిపించడు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఉద్యోగమొచ్చింది. పెళ్లయింది. సీతమ్మధారలో ఇల్లు తీసుకున్నాం. నాకొక కూతురు పుట్టింది. అది పుట్టిన కొత్తలో రోజూ ఫ్లాష్ వేసి ఫోటో తీసేదాన్ని. మా ఆయన మురిపెం అనుకున్నాడు.

పోయిన ఆదివారం పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. మా ఆడపడుచు వచ్చిందని వంజరం చేప కోసం వెళ్లాను, ఎప్పుడూ కొనే చోట లేకపోతే లోపలికి నడిచాను.

"సెల్లీ" అన్నాడు ఎవరో.

చేపల బల్ల వెనక అప్పన్న. జుట్టు నెరిసింది. నేను గుర్తుపట్టనట్టు నటించడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. "బాగున్నావేటి? ఎన్నాళ్లయిపోయిందో సూసి" అంటూనే పక్కకి తిరిగి కేకేశాడు, "ఒలే, ఇలాగ రా. సెప్తంటాను గదా, మనకి దారి సూపించిన మేడంగోరు. ఈవిడే."

లక్ష్మి వచ్చింది. స్కూలు వయసు, రెండు జడలు, చేతికి తడి. నేనేం చేశానో చూడండి. ఒక అడుగు పక్కకి వేశాను. ఎందుకు వేశానో వేశాకే అర్థమైంది. ఆ పిల్ల ఎడమవైపుకి వెళ్లి నిలబడ్డాను, పెట్టుడు కన్ను వైపుకి, అటు నిలబడితే నేను కనపడనని.

అప్పన్న చేప కోస్తూ చెబుతున్నాడు. "ఆ రోజే సంద్రం మానేసేను. నువ్వడిగినావు గదా, నెలనెలా ఎవలు తెత్తారని. ఆ మాట నాకు బాగా తగిలింది. ఒక్క నెల తప్పలేదు సెల్లీ, డాట్రుగోర్ని అడుగు కావాలంటే."

గర్వంగా చెప్పాడు. నాకు లెక్క అప్పజెబుతున్నాడు. ఇన్నేళ్లూ అతను ఒక మాట మోస్తున్నాడు, నేను విసిరిన మాట, అది అబద్ధమని రుజువు చెయ్యడానికి.

లక్ష్మి మెడంతా తిప్పి నా వైపు చూసింది. అటువైపు చూపు లేనివాళ్లు అలాగే తిప్పుతారు, మొహం మొత్తం మన మీద పెట్టేస్తారు. "మీరు నా కన్ను మీద సదూకున్నారంట గదా?" అంది. "నాన్న సెప్పేడు. అందులో ఏటుంది మేడం?"

నా వెనక ఎవరో బేరమాడుతున్నారు. నేల మీద ఐసునీళ్లు నా చెప్పుల్లోకి వస్తున్నాయి.

"చెడ్డది ఉండేదమ్మా. తీసేశారు" అన్నాను.

తలూపింది. తృప్తిగా లేదు ఆ పిల్లకి. సైన్సు క్లాసులో టీచరు సగం చెప్పి వదిలేసినప్పుడు పిల్లలు పెట్టే మొహం పెట్టింది. అప్పన్న చేప సంచీ నా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి వండాను. అందరూ బాగుందన్నారు.

అప్పట్నుంచి ఆ పిల్ల ప్రశ్నకి జవాబు రాస్తూ కూర్చున్నాను. ఇదే అది. వాళ్ల ముందు నిలబడి చెప్పగలనా? చెబితే ఎవరికి తేలిక, నాకా, వాళ్లకా? ఆ తండ్రి ఇన్నాళ్లూ సరైన పని చేశానన్న నమ్మకంతో బతుకుతున్నాడు. దాన్ని కూడా నేనే తీసెయ్యాలా? ఇది నిజంగా వాళ్ల మీద జాలా, లేక నా పిరికితనమే ఆ ముసుగు వేసుకుందా? తెలీదు. తెలిసినట్టు రాయను.

లక్ష్మీ, నీ కంట్లో ఉన్నది బహుశా నెమ్మదైన రకం. అది నాకు తర్వాత తెలిసింది. దాని మీద ఎవరైనా వాదించొచ్చు, నేను కూడా వాదించగలను.

తర్వాత తెలిసింది కానిది ఇంకొకటుంది. అది ఎవరూ వాదించలేరు. ఇంత రాసినా దాని చుట్టూనే తిరిగాను. ఆ మెట్ల మీద మీ నాన్న 'వేట మానేత్తాను' అన్నప్పుడు, ఆ మనిషి మొహం చూశాను నేను. అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. అతన్ని నమ్మాను. నమ్మబట్టే, మందులకే వెళ్తాడని భయపడి, 'అందరూ మొదట్లో అలాగే అంటారు' అన్నాను.